బ్రేకు కథ: వేడిమితో మానవుని పోరాటము

ఖమ్మము నుండి బయలుదేరిన కారు కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలము చేరుటకు సుమారు 120 కిలోమీటర్లు నడువవలెను. ఈ దారి చాలవరకు చదునైనది. ఊరు వచ్చినప్పుడో, పశువుల మంద అడ్డము వచ్చినప్పుడో డ్రైవరు బ్రేకు తొక్కును, బండి నెమ్మదించును, మరల సాగును. భద్రాచలము దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు పోవునప్పుడు పరిస్థితి మారును. అడవి దట్టమగును. రోడ్డు కొండనెక్కి, మలుపు వెంట మలుపు తిరిగి, మరల క్రిందికి దిగును. ఒక ప్రక్క కొండ, మరియొక ప్రక్క లోయ. ఇచ్చట బ్రేకు చేయవలసిన పని వేరు. చదునునేలపై బ్రేకు బండిని ఆపిన చాలును. దిగుడులో అది బండిని పట్టుకొని యుండవలెను. ఆపుటకు కొన్ని సెకండ్లు పట్టును. పట్టుకొని యుండుట నిమిషముల తరబడి సాగును. ఈ రెండింటికి గల భేదమును గ్రహించుటయే బ్రేకు చరిత్రను గ్రహించుట.

1959 వరకు భద్రాచలము తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరమున అది ఖమ్మము జిల్లాలో చేరినది. 1965లో గోదావరిపై వంతెన ప్రారంభమగుటతో ఖమ్మము మైదానపు రోడ్డు, నదికి ఆవలనున్న అడవి రోడ్డు ఒకే దారియైనవి. 2014లో చింతూరు మండలము ఆంధ్రప్రదేశ్‌లో కలిసినది. పాలనా సరిహద్దులు మారినను, మైదానము ముగిసి కొండ ప్రారంభమగు సరిహద్దు మారలేదు. శ్రీరాముని దర్శించి, ఘాటు రోడ్డు మీదుగా అన్నవరము వైపు పోవు యాత్రికుల బండ్లు నేటికిని ఈ సరిహద్దును దాటుచున్నవి. 2019 అక్టోబరు 15న అట్టి యాత్రికుల వాహనమొకటి చింతూరు, మారేడుమిల్లి నడుమ లోయలో పడగా పలువురు మరణించిరి. కనుక ఈ విషయము కేవలము యంత్రశాస్త్ర కుతూహలము కాదు.

బ్రేకు వేగమును మ్రింగునా?

బ్రేకు వేయగా వేగము ఎక్కడికి పోయినది? విద్యార్థులలో పలువురు ఈ ప్రశ్నకు, వేగము నశించినదని సమాధానము చెప్పుదురు. కాని శక్తి నశింపదు, రూపము మార్చుకొనును. అరచేతులు రెండింటిని గట్టిగా రుద్దినచో వేడెక్కును గదా! బ్రేకులో జరుగునదియు అదియే. తిరుగుచున్న లోహముపై తిరుగని వస్తువును అదిమి, ఘర్షణ పుట్టించి, బండి గతిశక్తిని ఉష్ణముగా మార్చుట బ్రేకు పని. అనగా బ్రేకు ఒక విధమైన పొయ్యి. ఆ పొయ్యిలో మండు ఇంధనము బండియొక్క చలనమే.

ఈ పొయ్యి ఎంత వేడెక్కునో లెక్క కట్టుదము. మనుష్యులతోను సామానుతోను కలిపి 1500 కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. దాని గతిశక్తి సుమారు 2 లక్షల 8 వేల జౌళ్ళు. చదునునేలపై ఒకసారి పూర్తిగా ఆపుటకు ఇంత శక్తిని వేడిగా మార్చవలెను. ఇప్పుడు అదే కారు 300 మీటర్ల ఎత్తునుండి వేగము పెరుగకుండ దిగుచున్నదనుకొనుడు. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణముతోను, ఎత్తుతోను హెచ్చవేసినచో, 1500 × 9.8 × 300, అనగా సుమారు 44 లక్షల జౌళ్ళు వచ్చును. ఇది 60 కిలోమీటర్ల వేగమునుండి 21 సార్లు ఆపుటకు సమానము. 20 డిగ్రీల వేడిమిగల 13 లీటర్ల నీటిని మరగు స్థితికి తెచ్చుటకు ఈ శక్తి చాలును. నాలుగు చక్రముల బ్రేకులలోని ఇనుము మొత్తము 30 కిలోగ్రాములనుకొని, ఈ వేడి అంతయు అందులోనే నిలిచినదనుకొన్నచో, దాని ఉష్ణోగ్రత సుమారు 325 సెంటీగ్రేడు డిగ్రీలు పెరుగును.

నిజమునకు కొంత శక్తిని గాలి నిరోధము, టైర్లు, ఇంజను తీసికొనును. కొంత వేడి గాలిలో కలియును. అయినను లెక్క చెప్పు పాఠము స్పష్టముగా ఉన్నది. దిగుడులో బ్రేకుపై పడు భారము డ్రైవరు నేర్పును బట్టి గాక, ఎత్తును బట్టియు బరువును బట్టియు నిర్ణయమగును. బరువు రెట్టింపైన వేడియు రెట్టింపగును. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి దాదాపు 60 మంది మరణించిన ఘోర ప్రమాదమున, ఆ బస్సులో నూరు మందికి పైగా ప్రయాణము చేయుచుండిరి. ఒక ప్రమాదమునకు ఒకే కారణము చెప్పుట శాస్త్రీయము కాదు. కాని బరువు పెరిగినకొద్ది ప్రతి అడుగు దిగుడును బ్రేకునకు ఎక్కువ పని కల్పించునను మాట మాత్రము నిస్సంశయము.

పాత బూట్లు నేర్పిన పాఠము

మోటారు బండ్లకు పూర్వము గుఱ్ఱపు బండ్లకును బ్రేకులుండెను. చక్రపు కమ్మిపై కొయ్యదిమ్మెను అదుముటయే అందలి ఉపాయము. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రముల మోటారు బండికి కూడ ఇట్టి సాధారణమైన బ్రేకే ఉండెను. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో ఈ తరహా బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు, అనగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. మోటారు చరిత్రలో ఇదియే మొదటి దూర ప్రయాణము. కొండదారిలో ఎక్కునప్పుడు బండిని నెట్టవలసి వచ్చినది. దిగునప్పుడు బ్రేకు దిమ్మెలు అరిగిపోయినవి. ఆమె దారిలోని ఊరిలో చెప్పులు కుట్టువానిచేత ఆ దిమ్మెలకు తోలు కొట్టించినది. బ్రేకు లైనింగు అను భావన ఆ దిగుడు బాటలో పుట్టినదని చెప్పవచ్చును.

ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండ ప్రాంతమునందు ఇట్టిదే మరియొకటి జరిగినది. అచ్చటి రైతులు బండ్లు కొండ దిగునప్పుడు పాత బూట్లను బ్రేకు దిమ్మెలకు తొడుగుట హెర్బర్టు ఫ్రూడ్ అను నతడు గమనించెను. ఘర్షణకు కొయ్య, లోహములకంటె అనువైన వస్తువును ప్రత్యేకముగా తయారు చేయవచ్చునని అతనికి తోచెను. 1897లో అతడు స్థాపించిన సంస్థయే తరువాత ఫెరోడో అను పేరుతో ప్రసిద్ధి కెక్కినది. తొలుత అతడు నూలు పట్టీలను జిగురు పదార్థములలో నానబెట్టి లైనింగులు చేసెను. కాని నూలు అధికమైన వేడికి మాడిపోవును. అందువలన 1908 ప్రాంతమున నిప్పునకు కాలని ఆస్బెస్టాస్ నారను వాడసాగిరి.

ఆస్బెస్టాస్ వేడి సమస్యను చాలవరకు తీర్చినది గాని, మరియొక సమస్యను తెచ్చిపెట్టినది. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు మొదలగు వ్యాధులను కలిగించునని శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసిరి. పలు దేశములు దానిని నిషేధించినవి. పాత బండ్ల బ్రేకులలో అది ఉండవచ్చును. కనుక బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదుటగాని, గాలి గొట్టముతో చిమ్ముటగాని ఎన్నటికిని చేయరాదు. తడిగుడ్డతో తుడువవలెను.

పాదము నుండి చక్రమునకు

1902 ప్రాంతమున ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. చక్రముతో పాటు తిరుగు ఇనుప డబ్బాలో రెండు షూలు ఉండును. పెడలు నొక్కగా అవి విచ్చుకొని డబ్బా లోపలి గోడను రాచుకొనును. పాదపు బలమును చక్రము వరకు కొనిపోవుటకు ఆ రోజులలో కడ్డీలు, తీగలు వాడిరి. ఇందులో ఒక చిక్కు కలదు. నాలుగు కడ్డీలు సరిసమానముగా లాగుట దుర్లభము. ఒక చక్రమునకు బ్రేకు ముందు పడి, మరియొకదానికి వెనుక పడినచో బండి ప్రక్కకు లాగుకొని పోవును. మైదానములో అది చికాకు. కొండ మలుపులో అది ప్రాణాపాయము.

ఈ చిక్కును విడదీసినది మోటారు బండి పుట్టుటకు రెండు శతాబ్దములకు పూర్వము జీవించిన ఒక గణితవేత్త. 1623 నుండి 1662 వరకు జీవించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్, మూసియున్న పాత్రలోని ద్రవముపై పీడనము కలిగించినచో అది అన్ని దిశలకు సమానముగా ప్రసరించునని తెలిపెను. పెడలు చివర ఒక చిన్న సిలిండరు, ప్రతి చక్రము వద్ద ఒక సిలిండరు పెట్టి, వీనిని ద్రవముతో నిండిన గొట్టములతో కలిపినచో, పీడనము నాలుగు చక్రములకు సమానముగా చేరును. మాస్టరు సిలిండరు వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లు, చక్రము వద్దనున్న దానిది 15 చదరపు సెంటీమీటర్లు అయినచో బలము అయిదు రెట్లగును. అమెరికాలో మాల్కం లాఖీడ్ ఈ సూత్రముతో బ్రేకును నిర్మించి 1917 ప్రాంతమున పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకు ద్రవ బ్రేకులతో వెలువడెను. హైదరాబాదు రాజ్యములో నిజాము ప్రభుత్వము 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించునాటికి ఈ పద్ధతి వ్యాపించుచుండెను. అయినను ఫోర్డు సంస్థ 1939 వరకు తన కార్లలో ద్రవ బ్రేకులను ప్రవేశపెట్టలేదు. ఒక గొట్టము పగిలిన బ్రేకులన్నియు పోవునను భయము ఆనాడు లేకపోలేదు. ఆ భయము అర్థరహితము కాదు. 1960ల నుండి రెండు వేర్వేరు మార్గములుగల మాస్టరు సిలిండర్లు వచ్చిన తరువాతనే అది తగ్గినది.

ఉపాధ్యాయులు ఈ సూత్రమును తరగతిలో సులభముగా చూపవచ్చును. సూదులు లేని కొత్త సిరంజీలు రెండు, ఒకటి చిన్నది, మరియొకటి పెద్దది తీసికొని, సన్నని గొట్టముతో కలిపి నీటితో నింపవలెను. చిన్నదానిని నొక్కగా పెద్దది ఎక్కువ బలముతో లేచును. తరువాత గొట్టములో కొంత గాలిని చేరనిచ్చి మరల నొక్కవలెను. గాలి ముందు తాను కుంచించుకొనును. పెద్ద సిరంజీ వెంటనే కదలదు. ద్రవము దాదాపు కుంచించుకొనదు, వాయువు కుంచించుకొనును. ఈ ఒక్క వాక్యములో ఘాటు రోడ్డు ప్రమాదముల రహస్యము సగము ఇమిడియున్నది.

బ్రేకు ఆయిలు ఆయిలు కాదు

తొలినాళ్ళ బ్రేకు ద్రవములలో ఆముదమును ఆల్కహాలుతో కలిపి వాడిరి. మన తెలంగాణ మెట్టపొలములలో పండు ఆముదమే ప్రపంచపు కార్లను ఆపుటకు ఉపయోగపడినదన్నమాట! ఆముదము సహజ రబ్బరును పాడుచేయదు. కాని కలిపిన ఆల్కహాలు తక్కువ వేడికే మరగును. కార్ల వేగము, బరువు పెరుగగా గ్లైకాల్ జాతి ద్రవములు వచ్చినవి. మనవారు దీనిని బ్రేకు ఆయిలు అందురు గాని ఇది నూనె కాదు. పేరును నమ్మి ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులు చెడిపోవును.

గ్లైకాల్ ద్రవమునకు ఒక గుణము కలదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 అను తరగతికి చెందిన ద్రవము క్రొత్తగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల వరకు మరగరాదని ప్రమాణము. అందులో 3.7 శాతము నీరు చేరిన పిమ్మట ఆ ప్రమాణము 140 డిగ్రీలకు తగ్గును. డాట్ 4 తరగతికి ఈ అంకెలు 230, 155. రబ్బరు గొట్టముల గుండా, మూత సందుల గుండా తేమ మెల్లమెల్లగా చేరుచునే యుండును. గోదావరి లోయలోని వానకాలపు గాలి సంగతి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్కలోని 325 డిగ్రీలను, ఈ 140 డిగ్రీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. దీర్ఘమైన దిగుడులో బ్రేకు మీద కాలు తీయకున్నచో చక్రము వద్ద ద్రవము మరగి ఆవిరి బుడగలు పుట్టును. అప్పుడు పెడలు నొక్కిన ఆవిరి కుంచించుకొనునే గాని షూలు కదలవు. పెడలు నేలకంటుకొనును; బండి ఆగదు. విచిత్రమేమనగా, చల్లారిన తరువాత ఆవిరి మరల ద్రవమగును. పరీక్షించిన మెకానిక్కునకు లోపము కనబడకపోవచ్చును. ఖమ్మము వీధులలో ఏండ్ల తరబడి చక్కగా పనిచేసిన పాత ద్రవము మొదటిసారి ఘాటు రోడ్డుపైననే తన లోపమును బయటపెట్టును. అందుచేత రెండు సంవత్సరములకొకసారి, లేదా బండి పుస్తకములో చెప్పిన గడువునకు, దానిని పూర్తిగా మార్పించవలెను.

డిస్కు బ్రేకు, దాని పరిమితి

డ్రమ్ము వేడెక్కినచో వ్యాకోచించి షూలకు దూరమగును. లోపలి వేడి బయటకు పోవుటయు కష్టము. లైనింగులు మితిమీరి వేడెక్కినప్పుడు వాని ఘర్షణయు తగ్గును. దీనికి విరుగుడు డిస్కు బ్రేకు. గాలి తగులునట్లు బయట తిరుగు బిళ్ళను రెండు ప్రక్కల ప్యాడ్లు పట్టుకొనును. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. కాని తగిన ఘర్షణ పదార్థము ఆనాడు లేదు. అర్ధ శతాబ్దము తరువాత, 1953లో, డిస్కు బ్రేకులుగల జాగ్వార్ కారు లెమాన్స్ 24 గంటల పందెము గెలిచినప్పుడు ప్రపంచము దాని విలువ గ్రహించెను. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారు ముందు చక్రములకు డిస్కులతో వెలువడెను. 1978లో జర్మనీలో, చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు ఎలక్ట్రానిక్ ఎ.బి.ఎస్. పద్ధతి మెర్సిడెస్ కారులో ప్రవేశించెను.

అయినను ఒక సంగతి మరువరాదు. ఎ.బి.ఎస్. జారుటను నివారించును, వేడిని నివారింపలేదు. డిస్కు వేడిని త్వరగా వెదజల్లును, పుట్టకుండ చేయలేదు. 44 లక్షల జౌళ్ళు క్రొత్త కారునకును 44 లక్షల జౌళ్ళే. చరిత్రలో బ్రేకు ఎంత మెరుగుపడినను, ఆ శక్తిని బ్రేకు మీద తక్కువగా పడనిచ్చు ఉపాయము డ్రైవరు చేతిలోనే ఉన్నది. ఆ ఉపాయము తక్కువ గేరు.

కొండ దిగునప్పుడు

తక్కువ గేరులో యాక్సిలరేటరు వదలినచో చక్రములే ఇంజనును త్రిప్పవలసి వచ్చును. ఆ శ్రమలో బండి శక్తి ఖర్చగును. ఇంజనునకు చల్లబరచు ఏర్పాటు ఉన్నందున అది ఎంతసేపైనను ఈ పని చేయగలదు. ఏ గేరులో కొండ ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనను డ్రైవర్ల పాత సూత్రమునకు శాస్త్రీయమైన ఆధారము ఇదియే. దిగుడు ప్రారంభమగుటకు ముందే గేరు మార్చవలెను. వేగము పెరిగిన తరువాత మార్చుట కష్టము. బ్రేకును నిరంతరము రాయుచుండక, కొంచెము గట్టిగా నొక్కి వేగము తగ్గించి, పూర్తిగా వదలవలెను. వదలిన వ్యవధిలో అది చల్లారును.

పెట్రోలు కలిసివచ్చునని న్యూట్రలులో దిగుట, ఇంజను కట్టివేయుట ప్రాణాంతకములు. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడ్పడు వాక్యూము రెండు మూడు తొక్కుళ్ళతో తరిగిపోవును; పెడలు రాయివలె బిగియును. పైగా నేటి ఇంజెక్షను కార్లు గేరులో దిగునప్పుడు ఇంధన సరఫరాను తామే ఆపుకొనును. కనుక ఆ పొదుపు కూడ భ్రమయే.

మాడువాసన వచ్చినను, పెడలు మెత్తబడినను సురక్షితమైన చోట ఆపి, చక్రములకు రాళ్ళు పెట్టి, చల్లారువరకు వేచియుండవలెను. ఎర్రగా కాగిన బ్రేకుపై నీళ్ళు పోయరాదు, లోహము పగులవచ్చును. వానకాలములో వాగు నీటిలోనుండి దాటిన తరువాత బ్రేకులు తడిసి పట్టు తప్పును. నెమ్మదిగా నడుపుచు రెండు మూడు సార్లు తేలికగా తొక్కి వానిని ఆరబెట్టవలెను.

బయలుదేరుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. బ్రేకు ద్రవపు మట్టము తగ్గినదా? తగ్గినచో లైనింగులు అరిగినవనియో, ఎక్కడనో కారుచున్నదనియో అర్థము. పోసి ఊరకుండరాదు, కారణము వెదకవలెను. పెడలును అదిమి పట్టినప్పుడు అది మెల్లగా క్రిందికి జారుచున్నదా? అది లీకునకు గుర్తు. స్పంజివలె మెత్తగా ఉన్నదా? గాలి చేరినది. బండి ఒక ప్రక్కకు లాగుచున్నదా? రెండు చక్రముల బ్రేకులు సమానముగా పనిచేయుటలేదు. కీచుమను శబ్దము వచ్చుచున్నదా? ప్యాడ్లు అరిగియుండవచ్చును. ద్రవ మార్గముతో సంబంధము లేక తీగతో పనిచేయు హ్యాండుబ్రేకు వెనుక చక్రములను పట్టుచున్నదా? ఇవి చూచుటకు పది నిమిషములు చాలును.

బెర్తా బెంజ్ కొట్టించిన తోలుముక్క నుండి నేటి డిస్కు వరకు బ్రేకు చరిత్రలో ప్రతి మెట్టును వేడిని ఓర్చుకొనుటకో, వెదజల్లుటకో, బలమును సమముగా పంచుటకో జరిగిన ప్రయత్నమే. ఆ మెట్లలో పెక్కింటిని మానవునికి నేర్పినది కొండ. మైదానపు విద్యార్థి నేడు గతిశక్తి, స్థితిజశక్తి అను మాటలను పరీక్ష కొరకు వల్లించుచుండవచ్చును. రేపు అతడే ఒక కుటుంబమును కూర్చుండబెట్టుకొని ఘాటు రోడ్డు దిగునప్పుడు, ఆ మాటలకు అర్థము తెలిసియుండుట ఆ కుటుంబమునకు ఎంతో మేలు.